ముందే అందిన కృతజ్ఞతలు

రెండు నెలలుగా కేసు లేదు. అయినా మాస్టారు రోజూ తొమ్మిదింటికి నోటుపుస్తకం చంకన పెట్టుకుని వదినగారింటికి వస్తూనే ఉన్నాడు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. అందులో కూచుని పెన్సిలు చెక్కేవాడు. చెక్కిన పెన్సిలుకి పని దొరక్క మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు.

గుమ్మం మీద డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు ఉంది. దానిమీద ఉన్నది అన్నగారి పేరు. అన్నగారు పెరటి వరండాలో పేపరు మొహాన కప్పుకుని పడుకునేవాడు. పని వదినగారిది. ముప్పై ఏళ్ళు రైల్వేలో, పోయిన సామాను కౌంటరు వెనక కూచున్న మనిషి. "పోయిందని గోల పెట్టేవాళ్ళలో సగంమందికి పోయింది ఆ వస్తువు కాదు" అనేది ఆవిడ. మాస్టారు ఆ మాట నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాడు.

మాస్టారు ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాడు. తప్పు చేసినవాణ్ణి ఒక్కణ్ణీ క్షమించి ఎరగడు. ఈ లోకంలో ఆయన గౌరవించేది ఇద్దర్ని. ఒకరు వదినగారు. రెండోవారెవరో ఇంకా తేలలేదు.

ఆ గురువారం తొమ్మిదింబావుకి తలుపు తట్టకుండానే ఒకావిడ లోపలికొచ్చింది. నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టు లేదు.

"నాలుగింటికి నా ఉద్యోగం పోతుందండీ" అంది.

"ఇంకా ఆరూ ముప్పావు గంటలుంది. కూచో అమ్మాయ్" అంది వదినగారు. "మంచినీళ్ళు తాగి మొదట్నించీ చెప్పు. చెప్పుల సంగతి తరవాత చూసుకుందువుగాని."

ఆవిడ కిందికి చూసుకుంది. చూసుకున్నాక ఏడవాలో నవ్వాలో తెలీక నీళ్ళు తాగింది.

యూనివర్సిటీ కింద ఉన్న పశువైద్య కళాశాలలో ఆవిడ విరాళాల విభాగానికి అధిపతి. పెద్ద విరాళాలు తేవడం ఆవిడ పని.

"చందాలు వసూలు" అని పైకే చదువుతూ రాసుకున్నాడు మాస్టారు.

"చందా వేరు సార్. చందా గుమ్మంలో నిలబడి అడిగేది. పెద్ద విరాళం అట్లా రాదు. ఒక్క మనిషి కోసం నాలుగేళ్ళు తిరగాలి. మొదటి రెండేళ్ళు డబ్బు మాటే ఎత్తకూడదు."

"మరి ఏం మాట్లాడతారు?"

"ఆయనకి ఇష్టమైనవి. ఈయనకైతే ఆయన ముసలి కుక్క, పోయిన భార్య, కవర్లు. ప్రతి గురువారం పదకొండింటికి."

'ఈయన' అంటే కవర్ల పెద్దాయన. యాభై ఏళ్ళు కవర్ల ఫ్యాక్టరీ నడిపిన మనిషి. ఇప్పుడది అల్లుడు చూస్తున్నాడు. పెద్దాయన తన గుడ్డి కుక్కని కళాశాల ఆసుపత్రికి తెచ్చినప్పుడు విరాళాల మేడమ్‌కి పరిచయమయ్యాడు. ఆవులకీ గుర్రాలకీ ఆపరేషన్లు చేసే పెద్ద హాలు ఒకటి ఆయన భార్య పేరు మీద కట్టించాలని ఆవిడ ఆశ.

"అడిగే రోజు ఒకటి వస్తుందండీ. ఆ రోజు అడగాల్సింది అడిగేసి నోరు కట్టేసుకోవాలి. ఇల్లు కూలినా మాట్లాడకూడదు. ముందు నోరు తెరిచినవాళ్ళు ఓడినట్టు. కిందటి నెల అడిగాను. నాలుగు నిమిషాలు ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూచున్నాం. చివరికి ఆయనే సరే అన్నారు. ఇవాళ నాలుగింటికి పాలకమండలి ముందు సంతకం చెయ్యాలి."

"చెయ్యనంటున్నాడా?"

"ఆయన ఇవ్వకముందే, ఇచ్చినందుకు కృతజ్ఞతలని మా ఉత్తరం ఆయనకి చేరింది."

మాస్టారి పెన్సిలు ఆగిపోయింది. "ఇవ్వకముందే కృతజ్ఞత ఎందుకు రాశారు?"

"మా పనిలో అది పద్ధతి సార్. సంతకం అయిన రోజే ఉత్తరం వెళ్ళాలి. అందుకని ముందే టైపు చేయించి ఫైల్లో పెట్టుకుంటాం. కిందటి బుధవారం చేయించాను. సోమవారం చూస్తే ఫైల్లో లేదు. ఆ సాయంత్రమే పెద్దాయన మా కళాశాల డీన్‌గారికి ఫోన్ చేశారు. 'నేనింకా ఇవ్వలేదు, మీరు పుచ్చేసుకున్నారు. ఇక సంతకం కూడా మీరే పెట్టేసుకోండి' అని. డీన్‌గారు నేనే పరధ్యానంగా పోస్టులో పడేశానంటున్నారు. ఆ ఇంటి గడప తొక్కొద్దన్నారు, ఫోన్ కూడా చెయ్యొద్దన్నారు. ఇవాళ సంతకం లేకపోతే హాలు స్థలం వాణిజ్య కళాశాలకి పోతుంది. నేను ఇంటికి పోతాను."

"ఉత్తరంలో ఏముంది?"

ఆవిడకి అది కంఠతా వచ్చు. మొదట మర్యాదలు, తరవాత హాలు సంగతి, చివర్న రెండు వాక్యాలు: "మా నాలుగేళ్ళ ప్రయత్నం నేటితో సంపూర్ణమైనది. ఇకపై తమకు శ్రమ ఇవ్వబోము."

"ఆఖరిది డీన్‌గారు చేర్పించారు. మర్యాదగా ఉంటుందని" అంది.

వదినగారు లేచి గొడుగు తీసుకుంది. బయట ఎండ మండిపోతోంది. "పద మరిదీ. నీ పెన్సిలుకి మంచిరోజులొచ్చాయి."

*

విరాళాల విభాగంలో రెండు గదులున్నాయి. బయటిగదిలో డిప్యూటీ ఉంటాడు. దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, బల్లమీద ఒక్క కాగితం లేదు. పని చెయ్యనివాడి బల్ల అట్లాగే ఉంటుందని మాస్టారు రాసుకున్నాడు.

"కిందటి బుధవారం నించి సోమవారం దాకా మేడమ్ గదిలోకి ఎవరెవరు వెళ్ళారు?" అని అడిగింది వదినగారు.

డిప్యూటీ సందర్శకుల పుస్తకం తిప్పాడు. "గురువారం మధ్యాహ్నం కవర్ల పెద్దాయన. హాలు ప్లాను చూడ్డానికి మేడమే పిలిచారు. శుక్రవారం ఆయన అల్లుడు మోటారుసైకిలు మీదొచ్చి గంటసేపు పోట్లాడి వెళ్ళాడు. అదే రోజు డీన్‌గారు. నేనైతే రోజూ వెళ్తాను."

"ఫైలు ఎక్కడుండేది?"

"బల్లమీదే" అంది మేడమ్ తలొంచుకుని. "తాళం వెయ్యలేదు. గురువారం మధ్యలో డీన్‌గారు పిలిస్తే ఓ పది నిమిషాలు వెళ్ళాను. శుక్రవారం అల్లుడుగారికి మంచినీళ్ళు తేవడానికీ వెళ్ళాను."

"గురువారం పెద్దాయనకి టీ నేనే ఇచ్చాను" అన్నాడు డిప్యూటీ. "అంత పిసినారిని నేను చూళ్ళేదండీ. గొడుగు మూల పెడతానంటే ఇవ్వడు. చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పోనీ బయటికెళ్ళాక వేసుకున్నాడా అంటే అదీ లేదు. నిప్పులు చెరిగే ఎండలో మూసిన గొడుగు చంకన పెట్టుకుని కారుదాకా నడిచాడు. గుడ్డ అరిగిపోతుందని కాబోలు."

"ఓ గుండుసూది ఇస్తావా నాయనా?" అంది వదినగారు.

డిప్యూటీ సొరుగు లాగాడు, గభాలున మూశాడు. వదినగారు దాన్ని మళ్ళీ లాగింది. లోపల కొత్త ఇత్తడి పలక మెరుస్తోంది. దానిమీద డిప్యూటీ పేరు, పేరు కింద 'అధిపతి, విరాళాల విభాగం' అని ఉంది.

"స్నేహితుడు సరదాకి చేయించాడండీ" అన్నాడు డిప్యూటీ. చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు నోటుపుస్తకంలో డిప్యూటీ పేరు కింద రెండు గీతలు గీశాడు.

డీన్‌గారు మేక ఆపరేషను మధ్యలోంచి రబ్బరు బూట్లతో వచ్చాడు. "ముష్టెత్తడానికి ఓ విభాగం. నేను మొదట్నించీ వద్దంటూనే ఉన్నాను" అన్నాడు.

"మరి హాలు వద్దా?" అంది వదినగారు.

"హాలెందుకు వద్దు? పోయిన వారం గుర్రాన్ని ఎక్కిస్తే బల్ల విరిగింది. గుర్రానికేం కాలేదు. ముగ్గురు డాక్టర్లకి కట్లు కట్టాం. హాలు కావాలి. అడగడమే నాకు నచ్చదు."

"అడక్కుండా అమ్మయినా పెట్టదు కదండీ."

"మా ఆవులు ఇస్తాయి" అని ఆయన మేక దగ్గరికి వెళ్ళిపోయాడు.

వదినగారు మేడమ్ బల్ల దగ్గర కూచుని ఫైలు విప్పింది. ఉత్తరం ఉండాల్సిన చోటు ఖాళీ. దాని కింది కాగితం తీసి చదివింది. "ఇదెప్పుడు రాశావు?"

"ఆ ఉత్తరం రాసిన రోజే. విరాళం వచ్చిన తరవాత చెయ్యాల్సిన పనులండీ. మా అసలు పని అప్పుడే మొదలవుతుంది."

"ఇది నా దగ్గరుండనీ" అని వదినగారు దాన్ని సంచీలో పెట్టుకుంది. గోడ గడియారం పదీ ముప్పావు చూపిస్తోంది. "నువ్విక్కడే ఉండు. మేం పెద్దాయన్ని చూసొస్తాం."

*

గేటు తీసిన చప్పుడుకే పెద్దాయన వీధి తలుపు తెరిచాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నున్నగా గీసిన గెడ్డం, ఉతికిన చొక్కా. వదినగార్ని చూశాడు, మాస్టార్ని చూశాడు, వాళ్ళ వెనక వీధిలోకి చూశాడు. మొహం దిగిపోయింది.

"ఎవరు మీరు?"

చెప్పారు. రమ్మన్నాడు.

హాలు నిండా కవర్లే. చించిన కవర్లు, విప్పదీసి తిరగేసి అంచులు కత్తిరించిన కవర్లు. కట్టలు కట్టి, కట్టకో చీటీ పెట్టి, ఏడాదివారీగా అరల్లో పేర్చి ఉన్నాయి. సామాన్ల చిట్టా, చాకలి పద్దు, మందుల వేళలు అన్నీ పాత కవర్ల వెనకే రాసుకున్నాడు. కిటికీ కింద గుడ్డి కుక్క పడుకుంది. చిన్న బల్లమీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. గోడమీది కేలండర్లో ప్రతి గురువారం చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా. ఆఖరి సున్నా ఇవాళ్టిది. వచ్చే వారంలో ఏమీ లేదు.

"ఆ ఉత్తరం ఓసారి చూపిస్తారా?"

పెద్దాయన సొరుగులోంచి తీసిచ్చాడు. కింద సంతకం లేదు. వదినగారు బల్లమీద పరిచింది. అది మళ్ళీ చుట్టుకుపోయింది. మళ్ళీ పరిచింది. మళ్ళీ చుట్టుకుంది. చివరికి ఒక కప్పు బరువు పెట్టి చదివింది.

"దీని కవరేదండీ?"

"పారేశాను" అన్నాడు పెద్దాయన.

అప్పుడే ఫ్యాక్టరీ నించి అల్లుడొచ్చాడు. పొట్ట, హెల్మెట్, తొందర.

"ఇంటికొచ్చే ఉత్తరాలు ఎవరు తీస్తారు?" అని అడిగింది వదినగారు.

"నేనేనండీ. ఇంకెవరైనా చింపితే మావయ్యగారు ఒప్పుకోరు, అంచు పాడవుతుందంటారు. సోమవారమా? కరెంటు బిల్లు, ఏదో పత్రిక. అంతే."

"ఉత్తరం మీ చేతికి రాలేదన్నమాట."

"రాలేదు. వచ్చుంటే దాచేవాణ్ణి కాదు, పటం కట్టించేవాణ్ణి. కొత్త మిషను కొనాల్సిన సొమ్ము గుర్రాలకి పోతుంటే నాకేం ఆనందం? అది దాచుకునే మాట కాదు."

వీధిలోకి రాగానే మాస్టారు ఆగలేకపోయాడు. "తేలిపోయింది వదినా. ఉత్తరాలు తీసేది అల్లుడు. శుక్రవారం ఆ గదిలో ఉన్నదీ అల్లుడే. నష్టం కూడా అతనికే. అబద్ధమాడుతున్నాడు."

"సరే. ఆ ఉత్తరానికి మడతలెన్ని?"

మాస్టారు గుర్తు తెచ్చుకున్నాడు. నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

"ఎండలో నిలబడి ఆలోచించకు మరిదీ. నాలుగు ముద్దలు తిని ఆలోచించు. రెండున్నరకి అందర్నీ ఆ ఇంటికి రమ్మను. మేడమ్‌ని కూడా. డీన్ వద్దంటే, గుర్రాన్ని ఎవరు మోస్తారో అడుగు."

*

రెండున్నరకి కవర్ల మధ్య ఆరు కుర్చీలు వేశారు. పెద్దాయన తన చోట కూచున్నాడు. మేడమ్ లోపలికి రాగానే గుడ్డి కుక్క లేచి, తడుముకుంటూ వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంది. పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. డీన్, డిప్యూటీ, అల్లుడు ఒక వరసలో ఉన్నారు. మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నేరస్థుడు పారిపోతే కాలు అడ్డం పెట్టాలని ఆయన ఉద్దేశం.

"మొదట డిప్యూటీగారు" అంది వదినగారు. "ఈయన మేడమ్ కుర్చీ కోసం పలక చేయించుకున్నారు. కానీ ఉత్తరం తియ్యలేదు. తీసేవాడైతే పోస్టు చెయ్యడానికి ఆఫీసు కవరులో పెట్టేవాడు. ఆఫీసు కవరు సన్నంది, పొడుగుది. కాగితం మూడు మడతలు వేస్తేగాని దూరదు. ఇదిగో చూడండి." ఉత్తరం ఎత్తి చూపించింది. "ఒక్క మడత లేదు. చాపలా చుట్టుకుపోతోంది. ఇది ఏ కవరులోనూ ప్రయాణం చెయ్యలేదు."

డిప్యూటీ ఊపిరి పీల్చుకున్నాడు.

"పలక మాత్రం నాకిచ్చెయ్" అన్నాడు డీన్. "గుర్రాల కొట్టానికి ఇత్తడి కావాలి."

"డీన్‌గారు చేసిన నేరం వేరు. అది తరవాత చెప్తాను. ఇక అల్లుడుగారు. సోమవారం ఉత్తరం రాలేదన్నారు. మా మరిది అది అబద్ధమన్నాడు. నిజానికి ఈ ఇంట్లో పొల్లుపోకుండా నిజం చెప్పింది ఆయనొక్కడే. ఎందుకంటే, యాభై ఏళ్ళలో ఒక్క కవరు పారెయ్యని మనిషి, చాకలి పద్దు కూడా కవరు వెనక రాసుకునే మనిషి, ఆ ఒక్క కవరూ పారేశానన్నాడు. పారెయ్యలేదు. అసలు కవరే లేదు."

అందరి తలలూ పెద్దాయన వైపు తిరిగాయి.

"కాగితం మడవకుండా, ఎవరి కంటా పడకుండా ఆ గదిలోంచి ఎట్లా బయటికొస్తుంది? అల్లుడుగారి దగ్గర ఉన్నది హెల్మెట్. దాన్లో పెడితే నలుగుతుంది, చుట్టుకోదు. మరి ఎండలో కూడా విప్పని గొడుగులో పెడితే?" వదినగారు పెద్దాయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది. "మీ ఉత్తరం మీరే ఎందుకు ఎత్తుకొచ్చుకున్నారండీ?"

అడిగేసి నోరు మూసుకుంది.

డీన్ ఏదో అనబోయాడు. మేడమ్ ఆయన బూటు మీద తన చెప్పు వేసి గట్టిగా నొక్కింది. అల్లుడి కడుపులో పేగులు అరిచాయి. కుక్క తుమ్మింది. మాస్టారు గడియారం చూసుకుంటున్నాడు. మూడు నిమిషాలు. మూడున్నర. వదినగారు రెప్ప వెయ్యలేదు.

నాలుగో నిమిషం నిండకముందే పెద్దాయన నోరు తెరిచాడు.

"ప్లాను మళ్ళీ చూద్దామని ఫైలు విప్పాను" అన్నాడు. "ఆ ఉత్తరం పైనే ఉంది. నాలుగేళ్ళ ప్రయత్నం సంపూర్ణమైనది అని రాసుంది. ఇకపై శ్రమ ఇవ్వరట. నాకు శ్రమని ఎవరు చెప్పారు వీళ్ళకి?"

ఆయన చిన్న బల్లమీది కప్పుల వైపు చూశాడు.

"మా ఆవిడ పోయాక ఈ ఇంటికి పని లేకుండా ఎవరూ రాలేదు. ఈ అమ్మాయీ పనిమీదే వచ్చింది, నాకు తెలీదా? తెలిసే టీ పెట్టాను. సంతకం చేస్తే గురువారం ఉండదు. చెయ్యనంటే బతిమాలడానికి వస్తుంది, ఇంకో నాలుగేళ్ళు గడుస్తుంది అనుకున్నాను. సోమవారం నించి రోజూ గెడ్డం గీసుకుని కూచున్నాను. ఒక్కరోజు రాలేదు."

"డీన్‌గారు రావద్దన్నారు బాబాయ్‌గారూ" అంది మేడమ్.

"అలగాల్సింది అల్లుణ్ణి నేను" అన్నాడు అల్లుడు. "నాకు అవకాశమే ఇవ్వకుండా ఈయన అలిగాడు."

"ఇప్పుడు డీన్‌గారి నేరం" అంది వదినగారు. "ఆ ఆఖరి వాక్యం మర్యాద కోసం చేర్పించింది మీరు. నాలుగేళ్ళ స్నేహాన్ని ఒక్క ముక్కలో పాతిపెట్టారు. ఆవులకి ఉత్తరాలు రాయకపోవడం వాటి అదృష్టం."

డీన్ బూట్ల వైపు చూసుకున్నాడు.

వదినగారు సంచీలోంచి ఫైలు కాగితం తీసి పెద్దాయన చేతిలో పెట్టింది. "మీరు పై కాగితం దొంగిలించారు. కిందిది తిప్పి చూస్తే దొంగతనమే అక్కర్లేకపోయేది."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. 'సంతకం తరవాత' అని పైన రాసుంది. కింద మేడమ్ దస్తూరీ. ప్రతి గురువారం పదకొండింటికి, మామూలుగానే. పునాది రోజు మొదటి ఇటుక ఆయన చేత పెట్టించాలి. గోడలు లేస్తుంటే నెలకోసారి తీసికెళ్ళి చూపించాలి. భార్య ఫోటోల్లోంచి మంచిది ఏరడానికి రెండు వారాలు. కుక్కని మర్చిపోవద్దు. పేజీ చివరిదాకా గురువారాలే. తిప్పితే వెనకా గురువారాలే.

ఆయన రెండోసారి చదివాడు. మూడోసారి చదువుతున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

మాస్టారికి ఒళ్ళు మండింది. "ఈ అమ్మాయి చెప్పులు చూడండి" అన్నాడు. "నాలుగు రోజులుగా ఆవిడకి తిండీ నిద్రా లేవు. మీ గురువారం కోసం ఆవిడ ఉద్యోగం ఊడేది. నేనైతే క్షమించను."

పెద్దాయన చెప్పులు చూశాడు. తల దించుకున్నాడు. "తప్పు నాదే" అన్నాడు.

"క్షమాపణలకి టైము లేదు. మూడు దాటింది" అంది మేడమ్ లేస్తూ. "బాబాయ్‌గారూ, పెన్ను తీసుకుని కారెక్కండి. ఇంకో మాట. వచ్చే గురువారం నేను రాను. ఆ పై వారం వస్తాను. అది మీకు శిక్ష."

పెద్దాయన ఎర్ర పెన్సిలు తీసుకుని కేలండర్ దగ్గరికి వెళ్ళాడు. వచ్చే గురువారం వదిలేసి, ఆ పై గురువారం చుట్టూ సున్నా చుట్టాడు. తరవాత గొడుగు తీశాడు.

"విప్పి వేసుకోండి" అంది వదినగారు. "అందులో ఇంకేం లేదుగా?"

*

నాలుగుంబావుకి డిప్యూటీ ఫోన్ చేశాడు. సంతకం అయింది. పెద్దాయన పాలకమండలి ముందు పెన్ను మూత తీశాక రెండు నిమిషాలు ఆగాడట. డీన్ ఒక్క మాట మాట్లాడలేదట. సంతకం కాగానే మేడమ్ కొత్త ఉత్తరం టైపు చేయించింది. అందులో ఆఖరి వాక్యం లేదు.

సాయంత్రం వదినగారి ముందుగదిలో మాస్టారు నోటుపుస్తకం మూశాడు. పెన్సిలు సగానికి వచ్చింది.

"అయినా నేను ఒప్పుకోను వదినా. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు చెయ్యాల్సిన పనేనా అది? మనిషి రావాలంటే రమ్మని అడగాలి. దొంగ సాకులు వెతకడమేమిటి?"

"అవును" అంది వదినగారు టీ పోస్తూ. "అడగాలి."

మాస్టారు టీ తాగాడు. చెప్పులు తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"రేపు కేసేమీ లేదు కదా?" అన్నాడు.

"లేదు" అంది వదినగారు. "తొమ్మిదికే రా."